విత్తనాల కుండ, టీవీలో డిటెక్టివ్

పెద్దారవీడులో వెంకటసుబ్బులమ్మ ఇంట్లో మధ్యాహ్నం అంట్లు తోమడం కాగానే, పనికొచ్చే ఫెబీ చేతులు చున్నీకి తుడుచుకుని టీవీ ముందు నేల మీద కూర్చుంటుంది. ఆ వేళకు పాత డిటెక్టివ్ సినిమా వస్తుంది. సగం సినిమాలో డిటెక్టివ్ టోపీ సర్దుకుని తెర ఇవతలికి తిరిగి, "ఊళ్లో ఏమన్నా పోయినాయా?" అని అడుగుతాడు. టీవీ ముందు చేరిన ఊరోళ్లలో మేక పోయినోళ్లు, మోటారు వైరు పోయినోళ్లు చెప్పుకుంటారు. ఆయన వేలు ఎవరి మీద ఆగితే వాళ్లే దొంగ.

ఆయన సిగరెట్టు పొగ గదిలోకి తేలి వస్తే ఫెబీకి మల్లెతోటలో నిలబడ్డట్టుండేది. ఆయనలాగా కావాలనే హోంగార్డు ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది. సెలెక్టయింది కూడా. పోలీసుల విచారణ ఒక్కటే మిగిలింది. పేరు మీద కేసుంటే ఉద్యోగం రాదు.

అంతలోనే వెంకటసుబ్బులమ్మ పచ్చరాయి ఉంగరం కనపడకుండా పోయింది.

"ఇంట్లోకి వచ్చేది నువ్వొక్కదానివే గదమ్మే," అంది ఆమె.

"నేను తియ్యలేదు పెద్దమ్మా. మేం బంగారమే పెట్టుకోం. బాప్తిస్మమైనాక మాయమ్మ ముక్కుపుడక కూడా తీసేసింది."

"పెట్టుకోకుంటే అమ్ముకోరా ఏంది?" అన్నాడు కొడుకు చెన్నకేశవులు, చొక్కా తొడుక్కుంటూ. "స్టేషనుకు పోతా. ముందు టీవీలో ఆయన్నడుగుదాం."

ఇన్నేళ్లూ చూసిన సినిమాలన్నీ ఫెబీ కళ్ల ముందు తిరిగాయి. ఆ వేలు ఆగింది ఎవరి మీద? వాచ్‌మన్ మీద, వంటవాడి మీద, డ్రైవరు జోసెఫ్ మీద, నల్లగా ఉండే డాన్సరు రోజీ మీద. మేడలో అయ్యగారి మీద ఒక్కసారన్నా ఆగిందా? ఆగిన ప్రతిసారీ తానూ చప్పట్లు కొట్టింది గదా!

సినిమా మొదలైంది. డిటెక్టివ్ అంతా విన్నాడు. ఒక్క ప్రశ్నా వెయ్యకుండా వేలు ఫెబీ వైపు లేపాడు.

అప్పుడే తెర మీదికి సినిమాలో పనిమనిషి కాఫీ ట్రేతో వచ్చింది. ప్రతి సినిమాలోనూ ఒక్క మాటా లేకుండా కాఫీ పెట్టి పోతుంది. ఈసారి పోలేదు. ట్రే ఆయన చేతిలో పెట్టి ముందుకొచ్చింది.

"ఉంగరం పోయిన రోజు ఏం పని చేసినావమ్మా?" అని వెంకటసుబ్బులమ్మనడిగింది.

"ఏముంది, కంది విత్తనాలకు బూడిద కలిపి కుండకు పోసినా. మూతికి ఎర్రమన్ను మెత్తినా."

"చేత్తోనే కలిపినావా?"

"ఇంక దేంతో కలుపుతారు!"

"నెలనాళ్లుగా చూస్తున్నా, జ్వరమొచ్చి నీ వేళ్లు చిక్కిపోయినాయి. మూత తియ్యి."

చెన్నకేశవులు అడ్డం వచ్చాడు. "వాన పడకుండా విత్తనాల కుండ తీస్తారా ఎవరన్నా? పంటకు కీడు."

"ఈ పిల్ల బతుకుకైతే కీడు గాదా?"

వెంకటసుబ్బులమ్మ లేచి అట్లకాడతో మన్ను గీకింది. మోచేతిదాకా చెయ్యి పెట్టి కెలికింది. బూడిదలోంచి పచ్చరాయి బయటపడింది.

"పొరపాటైందిలే. రేపు పెందలాడే రా," అంది, ఉంగరం తుడుచుకుంటూ.

ఫెబీ కదల్లేదు. "ఏం చూసి నా మీద వేలు చూపిచ్చినావు సార్?" అని తెరనడిగింది. డిటెక్టివ్ ట్రే వైపు చూస్తూ నిలబడ్డాడు.

మరుసటి వారం ఉద్యోగం విచారణకు కానిస్టేబులు ఆ ఇంటికి వచ్చాడు. పిల్ల నడవడిక ఎట్లాంటిదని అడిగితే, వెంకటసుబ్బులమ్మ నోరు విప్పేలోపలే టీవీలోంచి పనిమనిషి, "నిఖార్సైన పిల్ల. రాసుకో నాయనా," అంది.

కానిస్టేబులు రాసుకుని, సాక్షి పేరు అడిగాడు.

ఏ సినిమాలోనూ ఆమెకు పేరు పెట్టలేదు. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ మెల్లగా చెప్పింది.

"రోశమ్మ."