ఇస్త్రీ పిన్ని

తడి దుప్పటి ఒక కొసను కుళాయి గొట్టానికి చుట్టి, రెండో కొస తను పట్టుకుని పిన్ని మెలితిప్పుతోంది. అలా చేస్తే ఇద్దరి పని ఒక్కరే చేసుకోవచ్చు. బట్టల సోడా నీళ్ళకు చీలిన వేళ్ళ సందులు మండుతున్నాయి. ఆ మంటను పట్టించుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. ఈ రోజు కడుపులో మంట వేరే ఉంది.

ఆ పిల్లల హోంలో ఆమెను అందరూ ఇస్త్రీ పిన్ని అంటారు. వంటావిడ పెద్దమ్మ, వార్డెను అక్క, మేనేజరు బాబాయి. హోం ఇల్లులా ఉండాలని ఈ వరసలన్నీ పెట్టించింది మేనేజరే. అమ్మ అన్న పిలుపు మాత్రం ఒక్కరికే, సముద్రం అవతలి నుంచి ఏడాదికోసారి వచ్చే క్రైస్తవ మిషను మేడానికి. ఈ హోమూ, పక్కనున్న బడీ ఆవిడ సంఘం డబ్బుతోనే నడుస్తాయి. ఇక్కడి మాటల్లో ఆవిడకు బాగా తెలిసింది అమ్మ అన్న మాటొక్కటే. పిల్లలు అమ్మా అంటే చాలు, ఆవిడ కళ్ళు చెమరుస్తాయి. ఆవిడ కళ్ళు చెమర్చినప్పుడల్లా హోంకి ఏదో ఒకటి వస్తుంది. ఓసారి మంచాలొచ్చాయి, ఓసారి బోరు వేయించారు. అందుకని ఆ మాటను ఇంకెవరి మీదా ఖర్చు పెట్టకూడదని మేనేజరు ఆజ్ఞ.

పిన్నికి ఒక కూతురుంది. అదే హోంలో ఉంది. మొగుడు పోయాక పిల్లను చంకనేసుకుని గేటు దగ్గర నిలబడితే, మేనేజరు ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"తల్లి ఉన్న పిల్లని చేర్చుకోం. దిక్కులేని పిల్లలకే ఇక్కడ చోటు," అన్నాడు. దారి కూడా తనే చూపించాడు. "పిల్ల హోంలో ఉంటుంది. నువ్వు బట్టలుతుకు. మీరిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. సరేనా?"

ఆకలి మీదున్నవాళ్ళు దేనికైనా సరే అంటారు. ఆమె కూడా అంది. భోజనాల గది గోడ మీద 'అబద్ధమాడరాదు' అని మూరెడు అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ గోడ కిందే, తల్లి బతికుండగా పిల్లను అనాథను చేశారు. పోనీ మేనేజరు దుర్మార్గుడా అంటే అదీ లేదు. పిల్లలకు జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చుంటాడు. ఒళ్ళు మండేది అక్కడే. దుర్మార్గుడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకోవచ్చు.

మొదట్లో పిల్ల బట్టల తొట్టి దగ్గరికి పరుగెత్తుకొచ్చి "అమ్మా" అనేది. అన్నప్పుడల్లా పిన్ని దాని చెంప మీద కొట్టేది. ఆ పని మేనేజరుకు వదల్లేదు, తనే చేసింది. కొన్నాళ్ళకు పిల్ల నేర్చుకుంది.

ఇప్పుడు మేడం వచ్చి ఉంది. సాయంత్రం వెళ్తూ ముగ్గురు ఆడపిల్లలను వాళ్ళ దేశంలోని బడికి తీసుకుపోతోంది. ఎవరూ లేనివాళ్ళను ఏరి ఏరి తీసుకుంది. అందులో పిన్ని కూతురుంది.

"ఇందాకట్నించీ పిల్ల గౌనొక్కటే ఇస్త్రీ చేస్తున్నావు. కాలిపోతుందే," అంటూ వంటావిడ టీ గ్లాసు తెచ్చిపెట్టింది.

"ఒక్కసారి అమ్మా అనిపించుకుని పంపిద్దామనుంది పెద్దమ్మా."

"నోర్ముయ్. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. తల్లివని తెలిస్తే దాని సీటూ పోతుంది, నీ పనీ పోతుంది."

"పోనీ. ఇంత అన్నం పెట్టి నా బిడ్డ నోట్లో మాట లాక్కున్నారు. ఆ అన్నమేదో వాళ్ళనే తినమను."

"మరి బిడ్డ ఏం తినాలి?"

పిన్ని ఇస్త్రీపెట్టెను బల్ల మీద దబ్బున పెట్టింది. నిప్పురవ్వలు లేచాయి.

ప్రయాణమయ్యే పిల్లలకు తల దువ్వడం కూడా పిన్ని పనే. కూతురి జడ ఎప్పుడూ ఆఖరున వేస్తుంది. వెనక ఇంకెవరూ లేకపోతే తొందరుండదు. పిల్ల మెడ మీద పుట్టుమచ్చ ఉంది, అచ్చం పిన్నికున్నట్టే. అది కనబడకుండా జడ కాస్త వదులుగా అల్లింది. ఇన్నేళ్ళుగా అలాగే అల్లుతోంది.

"ఇక్కడెవరూ లేరు. ఒక్కసారి అమ్మా అనవే," అంది గొంతు తగ్గించి.

పిల్ల తలుపు వైపు చూసింది. "వద్దు పిన్నీ. అలవాటైతే అమ్మ ముందు నోరు జారుతుంది."

అమ్మ అంటే మేడం. పదకొండేళ్ళ పిల్లకు ఇంత ముందుచూపు. పిన్ని దువ్వెన పళ్ళు అరచేతిలో దిగేలా నొక్కి, పక్కన పడేసి రిబ్బను ముడి వేసింది.

సాయంత్రం ప్రార్థన హాలు మెట్ల మీద మేడం ముగ్గురికీ కొత్త బూట్లు తనే తొడిగింది. వ్యాను స్టార్టయింది. పిల్లలు వరసగా అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నారు. వెళ్ళొస్తా బాబాయి. వెళ్ళొస్తా పెద్దమ్మా. కూతురు పిన్ని ముందుకొచ్చింది.

"వెళ్ళొస్తా పిన్నీ."

"పిన్నేంటే?" ఆమె అరిచింది. "అమ్మని! నిన్ను కన్న అమ్మని!"

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడానికి ఆ ఒక్క మాటా అర్థమైంది. పిల్ల వైపు వంగి, తన భాషలో ఏదో అడిగింది. పిల్ల తల్లిని చూసింది. అడ్డంగా తలూపి, బడిలో నేర్చుకున్న ఆ భాషలోనే గడగడా జవాబు చెప్పింది. తర్వాత తల్లి వైపు తిరిగింది.

"పిన్నికి మేమందరం పిల్లలమేనని చెప్పాను. మమ్మల్ని పంపడం కష్టంగా ఉండి అలా అన్నావని చెప్పాను. అంతేగా పిన్నీ?"

ఒక్క మాటా తడబడలేదు. కొత్త బూట్ల కాళ్ళను మాత్రం ఒకదాని మీద ఒకటి తొక్కుకుంటోంది. పిన్ని ఆ కాళ్ళ వైపు చూసింది.

"అంతే మేడం గారూ. అందరూ నా పిల్లలే," అంది.

మేనేజరు గబగబా మేడం భాషలోకి మార్చి చెప్పాడు. మేడం కళ్ళు తుడుచుకుని పిన్నిని గట్టిగా కౌగిలించుకుంది. "నీ ప్రేమే దేవుడి ప్రేమ అంటున్నారు," అన్నాడు మేనేజరు. మేడం చేతులను విదిలించి కొట్టాలనిపించింది పిన్నికి. ఎవరో ఫొటో తీశారు. తీసేదాకా కదలకుండా నిలబడింది.

వ్యాను గేటు దాటింది. కూతురు అవతలి కిటికీ పక్కన కూర్చుంది. ఇటు తిరగలేదు.

"బతికిపోయావు," అన్నాడు మేనేజరు చెమట తుడుచుకుంటూ. "పిల్ల తెలివైంది కాబట్టి సరిపోయింది."

"తెలివైందే. మనిద్దరం కలిసి నేర్పాం కదా బాబాయ్. మీ దేవుడు అడిగినప్పుడు ఆ మాటా చెప్పు. నేను మాత్రం చెప్తాను."

అతను లోపలికి వెళ్ళిపోయాడు. ప్రార్థన గంట కొట్టారు. పిన్ని వెళ్ళలేదు. మెట్ల మీద పిల్లలు విడిచిన పాత చెప్పులున్నాయి. కూతురి చెప్పుకు పట్టీ తెగిన చోట ఎర్రదారంతో వంకరటింకరగా కుట్లు వేసి ఉన్నాయి, ఎవరినీ అడక్కుండా పిల్ల తనకు తనే వేసుకున్న కుట్లు.