అచ్చం ఆమే

"మా ఇంటామెకు కంప్యూటరంటే ఆటప్పా, పనంతా నాదే," అని మా ఆయన సూర్యప్రకాశ్ కౌంటర్ దగ్గర చెబుతుంటే, లోపలి గదిలో నేను చారుకు తాలింపు పెట్టి, చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చింతామణి బస్టాండ్ వెనక మా ఫోటో స్టూడియో. పద్నాలుగేళ్లుగా పెళ్లి ఆల్బమ్‌లు, చిరిగిపోయిన తాతల ఫోటోలు బాగుచేయడం, అన్నీ నావే. బోర్డు మీద పేరు ఆయనది. "కూర్చోని చేసేదీ ఒక పనేనా?" అంటుంది మా అత్త.

ఆ రోజు వచ్చినాయన లక్ష్మణప్ప, తొండేభావి రైతు. పెళ్లినాటి ఫోటో తెచ్చాడు. తొమ్మిదేళ్ల కిందట ఇల్లు విడిచి వెళ్లిన భార్య ఇప్పుడెలా ఉంటుందో చూపించాలట. మనిషి వయసు పెంచి చూపే సాఫ్ట్‌వేర్ మా దగ్గరుందని విన్నాడు.

"ఊరూరా అంటించాల. యాడ దాక్కోనుండాదో తెలియాల," అన్నాడు, నా కుర్చీ వెనక నిలబడి. అతని ఊపిరి నా మెడకు తగులుతోంది.

ఇరవై రెండేళ్ల ముఖాన్ని ముప్పయ్యారుకు జరిపాను. బుగ్గలు నిండాయి. కళ్ల చివర సన్నటి గీతలు పడ్డాయి.

"ఎడమ కనుబొమ్మ మీద గాటు పెట్టమ్మా. చెంబు తగిల్నాది."

"ఎట్ల తగిల్నాదప్పా?"

"నేనే ఇసిరినా. నీళ్లడిగితే బిరీన తేలేదు." నవ్వాడు. కౌంటర్ దగ్గర మా ఆయనా నవ్వాడు.

గాటు పెట్టగానే నా వేళ్లు ఆగిపోయాయి. తెర మీద ఉన్నది బాగేపల్లిలో నా రవికలు కుట్టే వీణ. కనుబొమ్మ మీది ఆ గాటేమిటని ఒకసారి అడిగితే "గడప తగిల్నాదక్కా" అని దారం కొరికింది. ఆ మాట నేను నమ్మలేదు. మా పుట్టింటివాళ్లకు నేనూ అలాంటివి ఎన్నో చెప్పాను.

ఇప్పుడు గుర్తుపడతాడు, అనుకున్నాను.

లక్ష్మణప్ప ముందుకు వంగి చూశాడు. మొహం చిట్లించాడు. "ఇది కాదు. ఇంత నున్నగా యాడుంటాది? నా ఇల్లు ఇడిసిపోయి బాగుపడింటాదా? చెంపలు లోపలికి పోవాల. జుట్టు నెరవాల."

అతను చెప్పినట్టే చేశాను. చెంపలు పీక్కుపోయేలా చేశాను. జుట్టు తెల్లబరిచాను. చూపు కిందికి దించాను. గాటును కుడి కనుబొమ్మ మీదికి మార్చాను.

"ఇదే! అచ్చం ఆమే," అన్నాడు.

అయిదేళ్లు కాపురం చేసిన మనిషి. గాటు ఏ వైపుందో కూడా చూసుకోలేదు.

వంద కాపీలు తీసుకుని వెళ్లిపోయాడు. "చూసినావా, నా పనితనం!" అన్నాడు మా ఆయన. నేను మొదటి ముఖాన్ని చెరిపేసి, ఒక కాపీ మడిచి బ్యాగులో పెట్టుకుని బాగేపల్లి బస్సెక్కాను.

వీణ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది: "ఎవురక్కా ఈమె?"

"లక్ష్మణప్ప చేయించుకున్న బొమ్మ. నువ్వు ఆడనే ఉండింటే ఇట్ల అయ్యేదానివి."

ఆమె కాగితాన్ని పక్కన పెట్టి, మూల బల్ల మీది గుడ్డలన్నీ తీసేసింది. "ఈడ కంప్యూటర్ పడ్తాదక్కా. ఈ వీధిలో పోటోల పనికి ఎవురూ లేరు."

అయిదు గంటల చింతామణి బస్సు హారన్ కొట్టింది. నేను లేవలేదు.