కిటికీ కింద కంపు మొక్కలు

అమెరికాలోని ట్రాయ్‌లో ఆ అద్దె ఇంట్లో దిగిన రెండో రోజే విమలకుమారికి వాసన తగిలింది. కుళ్లిన గుడ్డు కంపు. వెనకవైపు, బేస్‌మెంట్ కిటికీ దగ్గర ఎక్కువగా ఉంది. అక్కడ గడ్డి అంతా ఎండిపోయి, చామంతుల్లాంటి తెల్లపూల కలుపు మొక్కలు గుబురుగా లేచాయి. అది 2012 ఆగస్టు.

ఆమె భర్త కృపావరం ఇంటి ఓనరుకు ఫోన్ చేశాడు.

"ఆ కలుపు పేరు డాగ్ ఫెనెల్ అంట విమలా. కంపు దాని గుణమేనంట. వర్రీ అవకు."

ఆమె ఒక ఆకు నలిపి వాసన చూసింది. నిజంగానే కంపు. సరేననుకుంది.

రెండు వారాలకు కృపావరానికి ఆ వాసన తెలియడమే మానేసింది. పదేళ్ల కూతురు షెరిన్ మాత్రం బేస్‌మెంట్‌లో కీబోర్డు వాయించి వచ్చినప్పుడల్లా తలనొప్పి అనేది.

ఓ గురువారం విమలకుమారి ఆ మొక్కలన్నీ పీకి సంచులకెత్తింది. సాయంత్రానికి ఆ ఆకుల పసరుకి మోచేతుల దాకా బొబ్బలు లేచాయి. మర్నాడు చెత్తబండి సంచుల్ని తీసుకుపోయింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి తలుపు తీస్తే, విమలకుమారికి కంపు గుప్పున కొట్టింది. కృపావరం టీ పెడదామని వంటగదివైపు నడిచాడు.

"స్టవ్ ముట్టుకోకండి."

"మొక్కలు పీకేశావుగా?"

"అందుకే చెప్తున్నా. మొక్కల్లేవు, వాసనుంది. పాపని తీసుకుని బయటికి రండి."

అతను వెనక్కి తిరిగాడు. బేస్‌మెంట్ మెట్ల దగ్గర లైటు వేయబోతున్న షెరిన్ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

రోడ్డవతలికి వెళ్లి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేశారు. గ్యాస్ మనిషి వచ్చి, గ్యాస్ కొలిచే మీటరు పట్టుకుని లోపలికెళ్లి, వెంటనే బయటికొచ్చాడు. పక్క రెండిళ్లనూ ఖాళీ చేయించాడు. నేలలో గ్యాస్ పైపు పగిలి బేస్‌మెంట్‌లోకి గ్యాస్ చేరుతోందన్నాడు. గడ్డి చచ్చింది కూడా అందువల్లేనన్నాడు.

"ఎన్నాళ్లుగా ఉంది వాసన?"

విమలకుమారి భర్త వైపు చూసింది.

"మూడు వారాలు," అన్నాడు కృపావరం.

గ్యాస్ మనిషి అతని ముఖంలోకి చూసి వ్యాను వైపు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కృపావరం కొలీగ్ లక్ష్మీపతి వాళ్లింటికి వెళ్లారు. అతని భార్య పద్మజ వంటకి స్టవ్ నాబ్ తిప్పింది. టిక్ టిక్‌మంది గానీ మొదటిసారి వెలగలేదు. కృపావరం సోఫాలోంచి లేచి, షెరిన్‌ని దగ్గరికి లాక్కున్నాడు.

"ఏమైంది అన్నయ్యగారూ?" అంది పద్మజ.

నీలంగా మంట అంటుకుంది. అతను మాత్రం కూర్చోలేకపోయాడు.