గోడ దాటించిన చెట్టు

యాభై ఎనిమిదేళ్ళ కిందట నార్వేలోని ఎల్వెస్ట్రా జైలు నుంచి ఒక ఖైదీ పైన్ చెట్టెక్కి, కొమ్మ పట్టుకుని ఊగి, గోడ అవతలికి దూకి పారిపోయాడని ఊరంతా నమ్ముతుంది. గోడమీదుగా ఊరికి కనిపించేది ఆ చెట్టు తల ఒక్కటే. కంటికి ఆనేదాన్ని నమ్మడం తేలిక.

పాత జైలును పడగొట్టి అక్కడే కొత్తది కట్టడానికి నక్షా గీసిన తూరున్‌కు అరవై రెండేళ్ళు. విడుదలకు ఏడాది మిగిలినవాళ్ళు తమ వంట తామే చేసుకుంటూ ఉండే ఇంటిని ఆమె సరిగ్గా ఆ చెట్టుకు ఎదురుగా పెట్టింది. ఏళ్ళ తరబడి గోడను చూసిన కళ్ళకు దూరం చూడటం మళ్ళీ అలవాటు కావాలని ఆమె తాపత్రయం. ఆ నక్షా అంతటికీ ప్రాణం చెట్టు వైపు తెరుచుకునే ఆ ఇంటి కిటికీయే.

నార్వేలో ఇరుగుపొరుగు మాట వినకుండా పునాది తవ్వరు. నాలుగు సమావేశాలు జరిగాయి. ప్రతిసారీ కాఫీ, వాఫుల్స్, గోధుమరంగు జున్ను. ఎవరూ గొంతు పెంచలేదు. ఊచలు లేని కిటికీల గురించి గానీ, వంటింటి కత్తుల గురించి గానీ అడిగినవారు లేరు. మాట ఎక్కడ మొదలైనా యాభై ఎనిమిదేళ్ళ కిందట ఖైదీని దాటించిన ఆ చెట్టు దగ్గరికే వచ్చి ఆగేది. నాలుగోసారి తూరున్‌కు ఓపిక నశించింది. చెట్టు కొట్టేస్తే ఇంటికి ఒప్పుకుంటారా అని అడిగింది. అందరూ తలలూపారు. అందరూ ఒప్పుకున్నది తప్పయ్యే అవకాశం లేదన్నది అక్కడి పెంపకం. ఆమె పెరిగిందీ అందులోనే.

జైలు అధికారి హోవర్ద్ ఖైదీలతో కలిసి భోంచేసే మనిషి. అతనికి సంగతి తెలిసింది.

"చెట్టుని వాఫుల్స్‌కి అమ్మేశావన్నమాట, తూరున్."

"ఇల్లయినా దక్కింది కదా."

"దక్కింది. ఇంతకీ ఆ కిటికీలోంచి వాళ్ళేం చూడాలి, గోడనా?"



చెట్టు కొట్టే పని కలప షెడ్డులో ఉండే ఖైదీ యోస్టైన్‌కు పడింది. కలప లారీ కోసం గేటు బార్లా తెరిచారు. హోవర్ద్ కాఫీ కప్పుతో పక్కన నిలబడ్డాడు. యోస్టైన్ మోటారు రంపం అందుకుంటూ తూరున్ వైపు చూశాడు.

"గేటు తెరిచే ఉంది, రంపం నా చేతిలోనే ఉంది. మీవాళ్ళకి మాత్రం చెట్టంటేనే భయం."

ఇరవై నిమిషాల్లో చెట్టు ఒరిగింది. ఆకాశం ఒక్కసారిగా వెడల్పయింది. గోడ మరీ దగ్గరికి జరిగినట్టనిపించింది.

కొట్టిన మొదలు మీద పొట్టు తుడిచి పెన్సిలుతో వలయాలు లెక్కపెట్టడం యోస్టైన్‌కు అలవాటు. అతను ఒకసారి లెక్కపెట్టి, మళ్ళీ మొదలుపెట్టి, పెన్సిలు తూరున్‌కు అందించాడు. మట్టి గట్టిదనం, గోడ ఎత్తు, నీడ పొడవు, అన్నీ కొలిపించిన ఆమె చెట్టు వయసు మాత్రం ఎవరినీ అడగలేదు. మోకాళ్ళ మీద కూర్చుని నడిమధ్య నుంచి బెరడు దాకా తానే లెక్కపెట్టింది.

ఏడాదికి ఒకటి చొప్పున వలయాలు నలభై నాలుగు ఉన్నాయి.