వదినమ్మ పాటలో మా వంతు

అమ్మ పోయి రెండు నెలలైంది. నాకింకా ఏడుపు రాలేదు. సమాధి దగ్గర రాలేదు, నలభై దినాల కూడికలో రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ముందు నా కళ్లు చూసి, తర్వాత కూర్చునేవాళ్లు. అవి పొడిగా ఉన్నాయని తేలాక పాపం వాళ్లకు టీ కూడా సరిగా దిగేది కాదు. లోపలంతా మొద్దుబారిపోయి ఉందని ఎవరికని చెప్పను? బిస్కెట్ల ప్లేటు ముందుకు జరిపేదాన్ని.

నాకు కావలసింది ఒక్కటే, అమ్మ గొంతు వినాలి. ఈ రోజుల్లో అందరి ఫోన్లలోనూ అందరి గొంతులూ ఉంటాయి కాబట్టి ఇది పెద్ద కోరికలా కనిపించదు. కానీ పక్షవాతం వచ్చి అమ్మకు మాట పడిపోయి మూడేళ్లు దాటింది. అంతకుముందు ఆమె మాట్లాడుతుంటే రికార్డు చేయాలని ఎవరికి తడుతుంది? పొద్దున లేస్తే చెవులు చిల్లులు పడేలా వినేదే కదా. తమ్ముడు క్రిస్టోఫర్ పెళ్లి వీడియోలో ఒకచోట అమ్మ నోరు కదులుతుంది, డీజే మోతలో ఒక్క ముక్క వినపడదు. ఇప్పుడు తలచుకుంటే ఆమె అన్న మాటలు గుర్తొస్తున్నాయి కానీ గొంతు గుర్తు రావడం లేదు. అదే నాకు భయంగా ఉంది.

ఆ గొంతు లోకంలో ఒక్కచోటే మిగిలింది. ఎడిత్ ఫెన్విక్ అనే బ్రిటిష్ జానపద గాయని దగ్గర, ఒక పాత టేపులో.

ఎడిత్ పడుచు వయసులో మెదక్ వచ్చి, మిషన్ హాస్టల్లో ఏడాది పాటు పిల్లలకు ఇంగ్లీషు చెప్పింది. అమ్మ అక్కడ వంట చేసేది. అమ్మ పేరు కమలమ్మ. పెళ్లికి ముందు పాపన్నపేటలో నాట్లు వేసేది, ఆమె పాట ఎత్తితే పక్క మళ్లలోని కూలీలు కూడా వంతపాడేవారట. ఒక మధ్యాహ్నం ఎడిత్ వంటింటి వరండాలో టేప్‌రికార్డర్ పెట్టి పాడమంది. అమ్మ చేతులు కడుక్కొచ్చి, నాట్లేసి అలసిపోయిన వదినమ్మ పాట పాడింది. ఎడిత్ బతుకంతా ఆ పాట వెంటే పోయింది.

తన దేశం వెళ్లాక గిటార్ పట్టుకుంది. మొదట పబ్బుల మేడ మీది గదుల్లో, బీరు తాగేవాళ్ల మధ్య పాడింది. తర్వాత పాత వ్యాను ఒకటి సంపాదించి, అందులోనే వండుకుంటూ అందులోనే పడుకుంటూ ఊరూరా తిరిగింది. స్కాట్లాండ్ చేపల రేవుల్లో పాడింది, వేల్స్ బొగ్గు గనుల ఊళ్లలో పాడింది, వానకు బురదైపోయిన మైదానాల్లో రెయిన్‌కోట్లు వేసుకున్న జనానికి పాడింది. ఏటా క్రిస్మస్‌కు, ఆ ఏడు పాడిన ఊరి బొమ్మతో ఒక కార్డు పంపేది. అమ్మ వాటిని బీరువా తలుపు లోపల అంటించేది. ఆ తలుపు మీదే ఎడిత్ పెళ్లి చేసుకుంది, విడిపోయింది, జుట్టు నెరిసింది. పెద్ద హాళ్లు వచ్చాయి, మళ్లీ చిన్న హాళ్లయ్యాయి. ఏ ఊళ్లో అయినా చివర పాడేది మాత్రం అమ్మ పాటే.

ఒకసారి, స్టూడియోలో ఒక్కతే పాడిన ఆ పాట క్యాసెట్ పంపింది. అమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ వినేది. ఎడిత్ ఒక వరుస పాడి ఆగగానే అమ్మ అందుకునేది. నాట్ల పాట అంటే అంతే, ఒకరు ఎత్తుతారు, మిగతావాళ్లు అందుకుంటారు. అట్లా వినీ వినీ నాకూ ఆ వంతు వచ్చేసింది.

"గా దొరసాని ఎత్తుతాంటె ఆడ ఎవరు అందుకుంటుండ్రు బిడ్డా?" అని అడిగేది అమ్మ.

"వాళ్ల ఊరోళ్లు ఉంటరు గదనే," అనేదాన్ని.

అమ్మకు ఆ జవాబు మహా ఇష్టం. ఎక్కడో చలిలో, కోట్లు వేసుకున్న తెల్లవాళ్లు హాలు హాలంతా కలిసి వదినమ్మను ఓదారుస్తున్నారని ఇద్దరం నమ్మాం.

ఇప్పుడు ఎడిత్‌కు డెబ్బై దాటాయి. ఇక తిరగడం మానేస్తున్నానని, ఆఖరి కచేరీ మెదక్‌లోనే పెట్టుకుంటానని కబురు చేసింది. అమ్మ పోయిన సంగతి చెప్పి, టేపు తెస్తారా అని అడిగాను. తెస్తానంది.

వచ్చిన రోజు ఎడిత్ మా అమ్మ కుర్చీలో కూర్చుంది. మంచినీళ్లు ఇచ్చి, వెంటనే టేపు అడిగాను. మర్యాద కోసం కాసేపు ఆగే ఓపిక కూడా నాకు లేదు.

"ఫోన్‌లోకి ఎక్కించి తెచ్చాను," అంది ఎడిత్. ఆమె మాటలన్నీ ఇంగ్లీషులోనే. "కానీ రేపు పాడిన తర్వాత విందాం పెర్సిస్. పాడబోయే ముందు కమలను వింటే నా గొంతు లేవదు. ఎప్పుడూ ఇంతే నాకు."

ఇన్ని రోజులు ఆగాక ఇంకో రోజు ఆగమంటే కోపం రావాలి. అదీ రాలేదు. సరే అని అన్నం పెట్టాను.

మర్నాడు సాయంత్రం చర్చి పక్క హాలులో కచేరీ. పాపన్నపేట నుంచి వజ్రమ్మ పెద్దమ్మ వచ్చింది. అమ్మతో కలిసి నాట్లు వేసిన మనిషి. వెంట ఇంకో నలుగురు ఆడవాళ్లు. షేర్ ఆటో దిగి, చెప్పులు బయట విడిచి, నేరుగా ముందు వరుసలో కూర్చున్నారు. ఎడిత్ మాటలు తెలుగులో చెప్పే పని నాది. బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేదాన్ని కదా, నాకే అంటగట్టారు.

ఏవో వాళ్ల దేశపు పాటలు అయ్యాక ఎడిత్ ఇట్లా అంది: "కమల నాకు నిశ్శబ్దం నేర్పింది. ఒక్కో వరుస తర్వాత కళ్లు మూసుకుని ఆగిపోయేది. మా దగ్గర ఆ నిశ్శబ్దం గురించి వ్యాసాలు రాశారు. నేను ఆగినప్పుడు హాల్లో ఒక్కరు దగ్గేవారు కాదు."

బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు తెలుగులో చెప్పేశాను. చెప్పాక గాని నా బుర్రకు ఎక్కలేదు. ఒక్కరు దగ్గలేదంటే, ఒక్కరూ అందుకోలేదన్నమాట. ఆమెతో ఏదైనా అనేలోపే గిటార్ మొదలైంది.

"వంగి వంగి నాటేసిన వదినమ్మో..."

ఎడిత్ కళ్లు మూసుకుని ఆగింది. ముందు వరుసలోంచి ఐదు గొంతులు లేచాయి.

"నడుము నొస్తె నిలబడవె వదినమ్మో!"

ఎడిత్ వేళ్లు తీగల మీద నుంచి జారిపోయాయి. కళ్లు తెరిచి వాళ్లనే చూస్తోంది. వజ్రమ్మ పెద్దమ్మ కంగారుపడింది.

"తప్పయిందా బిడ్డా? ఆగింది గదా అని అందుకున్నం."

"తప్పేం లేదు పెద్దమ్మా. జర ఉండు," అన్నాను.

ఎడిత్ పక్కకు వెళ్లి చెప్పాను, ఇది నలుగురి పాట అని, అమ్మది ఎత్తే వంతని, హాస్టల్ వరండాలో అందుకునేవాళ్లు లేక, వాళ్లు పాడేంతసేపు ఊరికే ఆగిందని.

"మరి కమల నాకెందుకు చెప్పలేదు?"

"మీకు తెలుసనుకుంది. మీ వెనక ఊరంతా అందుకుంటోందనుకుంది. నేనే అట్లా చెప్పాను."

"వాళ్లు పాడింది ఏమిటి?"

"నడుము నొప్పిగా ఉంటే కాసేపు నిలబడు అని."

ఎడిత్ గిటార్ మీద చేయి ఆనించింది. "అయితే ఇన్నేళ్లూ నేను నొప్పి ఒక్కటే పాడాను," అంది.

"ఏమంటుంది?" అని కింది నుంచి వజ్రమ్మ పెద్దమ్మ కేక.

"వాళ్ల దేశంల ఎవ్వరు అందుకోలేదంట పెద్దమ్మా."

"అయ్యో! గన్నేండ్లు ఒక్కతే పాడిందా?" పెద్దమ్మ కొంగు దోపుకుని వేదిక ఎక్కేసింది. ఎడిత్ చేయి పట్టుకుంది. "మళ్ల ఎత్తమను బిడ్డా. మేమున్నం గద."

ఎడిత్ ఎత్తింది. వాళ్లు అందుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. నేను చూస్తూ నిలబడి, అయిపోయాక కుర్చీలు మడిచాను. నాలో ఏమీ కదలలేదు.

మర్నాడు పొద్దున ఆమెను హైదరాబాద్ తీసుకెళ్లడానికి కారు రావాలి. అన్నం బల్ల మీద, పచ్చడి సీసా పక్కన ఫోన్ పెట్టి ఎడిత్ నొక్కింది.

ముందు కాకులు. ఎవరో గిన్నె పెట్టిన చప్పుడు. తర్వాత అమ్మ గొంతు సవరించుకుంది. ఆ సవరింపుకే గుర్తుపట్టాను.

"వంగి వంగి నాటేసిన వదినమ్మో..."

నాకన్నా చిన్నది. ఎంత చిన్న పిల్ల గొంతో! పాడి ఆగింది. ఆ ఖాళీలో కాకి ఒకటి అరిచింది. నేను బిగుసుకుని కూర్చున్నాను.

"మంజీర నీళ్లల్ల కాళ్లు మొద్దువారె..."

మళ్లీ ఆగింది. ఎవరూ లేని వరండాలో, ఎవరో ఉన్నట్టే ఆగింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"గట్టు మీద కూసుందం రాయె వదినమ్మో."

నా మాట పూర్తవగానే అమ్మ తర్వాతి వరుస ఎత్తింది. ఒక్క పిసరు ముందు కాదు, వెనక కాదు. నేను ఇక్కడ ఉన్నట్టు ఆమెకు తెలిసినట్టే ఎత్తింది. ఇక వరుస వరుసకూ అందుకున్నాను. చివరికి వచ్చాం.

"పొద్దు గూకె వదినమ్మో, ఇల్లు దూరమాయె..."

ఈ పాటలో ఆఖరి మాట అందుకునేవాళ్లది. "తోడు మేము లేమా, నడువె వదినమ్మో," అన్నాను. టేపు టక్కున ఆగింది.

బయట కారు హారన్ కొట్టింది. ఎడిత్ లేవలేదు.

"మీ వంతు నాకు నేర్పిస్తావా?" అని అడిగింది.

ఒక్కో వరుస చెప్పాను. ఆమె నోట్లో టలు, డలు నానా పాట్లు పడ్డాయి. నాలుగైదు సార్లు అనిపించి, ఫోన్ మళ్లీ నొక్కమన్నాను. మొదటి వరుస ఇద్దరం కలిసి అందుకున్నాం.

"మంజీర నీళ్లల్ల కాళ్లు మొద్దువారె..." అని అమ్మ ఆగింది.

నేను నోరు తెరిచాను కానీ మాట రాలేదు. ఏడుపు వచ్చింది. రెండు నెలలది ఒక్కసారే వచ్చింది, ముక్కూ కళ్లూ ఏకమై, బల్ల మీద తల ఆనించి, బయట డ్రైవర్‌కు వినపడేలా ఏడ్చాను. అవతల అమ్మ ఆగే ఉంది. కాకి అరిచింది.

ఎడిత్ నా వీపు మీద చేయి వేసి, తిరగని నాలుకతో అందుకుంది. "గట్టు మీద కూసుందం రాయె వదినమ్మో."

అమ్మ తర్వాతి వరుస ఎత్తింది.