నలభై ఏడో కాగితం

ఆ కళ్లజోడు మేడమ్‌కి ఈ బైండింగ్ షాపువాడి కూతుర్ని అంత మాట అనే హక్కు ఎవరిచ్చారు, బట్టీ పిల్ల అట, మొన్న తన షాపు ముందే, తోటి పిల్లలంతా వింటుండగా, ఇప్పుడేమో ఏమీ ఎరగనట్టు వచ్చి, అన్నా, మా యూనివర్సిటీ పిల్లలు ఎలా చదువుతారో అడిగి రాయించాం, నూట పన్నెండు కాగితాలు, సాయంత్రానికి స్పైరల్ వేసి పెట్టు, అని పోయింది, వేస్తాను తల్లీ, వేయకేం, ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఇంకేం పని, నీ స్వభావం బిడియమా ధైర్యమా, అర్థం చేసుకుని చదువుతావా బట్టీ పడతావా, ఇవీ ఒక ప్రశ్నలేనా, పనీపాటా లేక, ఎవరి కాగితం మీదా పేరు లేదు, అంకెలే, అయినా నలభై ఏడు దగ్గర చెయ్యి ఆగింది, తలకట్టుని కొమ్ములా పైకి విసిరే ఆ రాత ఇంకెవరిది, తన కూతురిదే.

బట్టీ పడతాను అని రాసింది, ఎందుకు అన్నచోట, చిన్నప్పుడు ఏదడిగినా మా నాన్నకి కోపం వచ్చేది, ఉన్నది ఉన్నట్టు అప్పజెబితే మురిసిపోయేవాడు, అదే అలవాటయింది, ఆయన మంచివాడే, అని కూడా రాసింది, ఆ చివరి మాటకి చెంపలు భగ్గుమన్నాయి, తిట్టినా బాగుండేది, కాగితం మడిచి జేబులో కుక్కుకున్నాడు, మిషన్‌లో నలిగిపోయిందంటే సరి, రోడ్డవతల ఎవరో నవ్వితే తనని చూసేననిపించింది, నాన్నా, గమ్ము ఎందుకంటుకుంటుంది, అప్పట్లో పదేళ్ల పిల్ల ఇదే బల్ల మీద కూర్చుని కాళ్లూపుతూ అడిగింది, అంటుకుంటుంది కాబట్టి అంటుకుంటుంది, నోర్మూసుకుని ఎక్కాలు చెప్పు, పన్నెండు రెళ్లు ఇరవై నాలుగు, గడగడా చెప్పేసింది, శభాష్ అన్నాడు, శభాష్ అట, సిగ్గు లేకపోతే సరి.

కోపం కాదది, ఆ ముక్క మేడమ్‌కీ తెలీదు, పిల్లకీ తెలీదు, తనకి జవాబు రాదు, అంతే, బళ్లో మాస్టారు నిలబెట్టి అడిగినప్పుడు తెలీదండీ అంటే క్లాసంతా పగలబడి నవ్విన రోజు నుంచి ఆ మాట గొంతు దాటలేదు, తెలీదమ్మా, పద, ఎవర్నైనా అడుగుదాం, అనడానికి ఎంతసేపు, అనలేక కేకలేశాడు, ఆ కేకకి అప్పజెప్పడమే చదువనుకుంది పిల్ల, జేబులోంచి కాగితం తీశాడు, మడతని అరచేత్తో సాపుచేసి నలభై ఆరు కింద పెట్టి కన్నాలు వేసే మిషన్ హ్యాండిల్ నొక్కాడు, ఆ గమ్ము రోజు తర్వాత పిల్ల తనని ఇంకేమీ అడగనేలేదా అని తడుముకున్నాడు, అన్నం తిన్నావా అని అడిగింది, మాత్ర వేసుకున్నావా అని అడిగింది, ఎందుకు నాన్నా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు, పదో ఏటి నుంచి పందొమ్మిదో ఏటి దాకా, తొమ్మిదేళ్లు.