చుట్ట కొలిమిలో రెండో పిన్ను

క్రేను డ్రైవరు కొట్టిన మొదటి దెబ్బకే కొలిమి మేస్త్రీ పై పెదవి చీలింది. రెండో దెబ్బకు ఆయన వెళ్ళి నూనె తొట్టి అంచు మీద పడ్డాడు. మూడో దెబ్బకు ముందు, డ్రైవరు వెంట వచ్చిన ఇద్దరు లోడర్లు తలుపుకు లోపల గడియ పెట్టారు.

తమ్ముడి అంత్యక్రియలు ముగించుకొని డ్రైవరు నేరుగా కర్మాగారానికే వచ్చాడు. మొన్న ఉదయం క్రేను కొక్కేన్ని పట్టి ఉంచే ఉక్కు పిన్ను వంగి జారిపోగా, ఆరు టన్నుల దిమ్మ ఆ యువకుడి మీద పడింది. ఆ పిన్నును కాల్చి గట్టిపరచినవాడు ఈ మేస్త్రీయే. పిన్ను విరగలేదు, వంగింది. అంటే లోపల మెత్తగా ఉండిపోయింది. కాబట్టి మేస్త్రీ దానిని గడువుకు ముందే కొలిమి నుండి తీసివేశాడని కర్మాగారమంతా తీర్పు చెప్పేసింది.

"ఇంటికెళ్ళే తొందరలో తీసేశావు కదూ? నోరు విప్పు!"

"ముప్పై ఏళ్ళలో ఒక్కటి కూడా ముందు తియ్యలేదయ్యా. కాగితం మీద ఎంత వేడి రాస్తే అంత, ఎంతసేపని రాస్తే అంతసేపు."

"అయితే మావాణ్ణి కాగితం చంపిందా?"

ఆ కాగితం రాసిన ఇంజినీరు స్విచ్చుల బల్లకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. అతడు మేస్త్రీకి ఒక్కగానొక్క కొడుకు. తండ్రి నోటి వెంట నెత్తురు కారుతున్నా అడ్డు రాలేదు.

డ్రైవరు మేస్త్రీని మెడ పట్టుకొని లేపాడు. "ఇంకో పిన్ను కాల్చు. టైము నా వాచీలో నేనే చూస్తాను. ఆకురాయి కూడా నేనే పెట్టి గీస్తాను. రాయి కొరికితే పిన్ను మెత్తది, తప్పు కాగితానిది. రాయి జారిపోతే మాత్రం నువ్వు అబద్ధాలకోరువి. నీ కుడిచెయ్యి ఆ ప్రెస్సు కింద పెట్టి నొక్కుతా."

"సరే," అన్నాడు మేస్త్రీ.

అప్పుడు ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు. "చుట్ట ఆపేసి కాలుద్దాం. ఇంతమంది ఉన్నారు, జేబుల్లో ఇనుము ఉంటుంది, ప్రమాదం."

చుట్ట అంటే కొలిమి గొట్టం చుట్టూ బిగించిన పెద్ద విద్యుదయస్కాంతం. ఉక్కులోని స్ఫటిక రేణువులు సన్నబడి ఉక్కు దృఢపడుతుందన్న ఉద్దేశంతో దానిని నాలుగు నెలల క్రితమే తెప్పించారు.

"వద్దు! చుట్ట నడవాలి!" మేస్త్రీ కేక పెట్టాడు.

డ్రైవరు ఆయన పక్కటెముకల మీద తన్నాడు. లోడర్లలో ఒకడు నవ్వాడు. "చుట్ట లేందే పని సాగదా ముసలాయనకి? అలవాటు మానిపించండన్నా."

మేస్త్రీ ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ పిన్ను కాలినప్పుడు చుట్ట నడుస్తూ ఉంది. ఇప్పుడు ఆపి కాలిస్తే అదేం పరీక్షయ్యా? విను. పాత కొలిమిలో తీగకు అయస్కాంతం కట్టి చూసేవాణ్ణి. ఉక్కు బాగా కాలి లోపలి పలుకులు మారాక దాన్ని అయస్కాంతం అంటుకోదు. అప్పుడు నూనెలో ముంచితే రాయిలా అవుతుంది. ఈ చుట్ట దగ్గర అలా చూడ్డం కుదరదు. పైగా ఇంత అయస్కాంతం పట్టుకొని కూర్చుంటే పలుకులు అంత తేలిగ్గా మారవు. ఇంకా వేడి కావాలంటాయి. నెల రోజులుగా మొత్తుకుంటున్నాను, వినేవాడేడీ?"

డ్రైవరు ఇంజినీరు వైపు చూశాడు. ఇంజినీరు నేల వైపు చూశాడు.

"చుట్ట పెట్టు," అన్నాడు డ్రైవరు.

అందరూ జేబులు ఖాళీ చేసి, కొలిమి చుట్టూ గీసిన పసుపు గీతకు ఇవతల నిలబడ్డారు. మేస్త్రీ కొత్త పిన్నును కొలిమిలోకి తోశాడు. మీటరు ఏడు వందల తొంభై డిగ్రీలు చూపింది. కాగితంలో ఉన్న అంకె అదే. నలభై నిమిషాలపాటు డ్రైవరు ఒక చేత్తో మేస్త్రీ జుట్టు పట్టుకొని, రెండో చేతి వాచీ చూస్తూ నిలబడ్డాడు. తమ్ముణ్ణి తలచుకున్నప్పుడల్లా ఆ తలను స్తంభానికేసి కొట్టాడు. మేస్త్రీ కన్ను ఒకటి వాచి మూసుకుపోయింది.

గడువు నిండగానే మేస్త్రీ ఇత్తడి తోపుడు కడ్డీతో పిన్నును నూనెలోకి నెట్టాడు. నూనె భగ్గుమని పొగ చిమ్మింది. చుట్ట ఆపించి, పొడవాటి పట్టకారుతో పిన్నును తీసి బల్ల మీద పెట్టాడు. డ్రైవరు ఆకురాయి అందుకొని, పళ్ళు బిగించి గీశాడు.

రాయి కొరికింది. బల్ల మీద సన్నని ఇనుప పొడి రాలింది. మళ్ళీ గీశాడు, మళ్ళీ రాలింది.

"కాగితం రాసిందెవడు?"

"నేనే," అన్నాడు ఇంజినీరు. "పాత కొలిమి అంకెనే ఎక్కించాను." "వంగిన పిన్ను ముక్కను నిన్న మైక్రోస్కోపులో చూశాను. మారని మెత్తటి రేణువులు చుట్ట లాగే దిక్కుకే బారులు తీరి ఉన్నాయి. త్వరగా తీసేస్తే అవి చెల్లాచెదురుగా ఉండాలి. నాన్న తప్పు లేదని నిన్ననే తెలుసు."

డ్రైవరు గొడ్డులా అరిచి ఇంజినీరును ప్రెస్సు దగ్గరికి ఈడ్చుకెళ్ళాడు. మణికట్టు పట్టుకొని అరచేతిని దాని దిమ్మ కింద పరిచాడు. రెండో చెయ్యి మీట మీద పడబోతుండగా మేస్త్రీ పట్టకారును రెండు చేతులా ఎత్తి ఆ చేతి మీద దించాడు. ఎముక ఫటేలుమంది. లోడర్లు ముందుకురికారు. మేస్త్రీ పట్టకారు తిప్పి ఒకడి దవడ పగలగొట్టాడు. రెండోవాడు గడియ తీసి పారిపోయాడు.

డ్రైవరు వేలాడుతున్న చేతిని ఒళ్ళో పెట్టుకొని కూలబడ్డాడు. "ఇప్పుడు నేనెవర్ని కొట్టాలి?" అంటూ మొదటిసారి ఏడ్చాడు. "చెప్పండి, ఎవర్ని కొట్టాలి?"

"నన్ను," అన్నాడు ఇంజినీరు.

మేస్త్రీ వెనక్కి తిరిగి కొడుకు చెంప ఛెళ్ళుమనిపించాడు. ఇంజినీరు ప్రెస్సుకు కొట్టుకొని పడ్డాడు.

"ఆ ముక్క నిన్న చెప్పుంటే ఈయన చెయ్యి విరిగేది కాదు. చుట్ట ఆపుదామన్నావు కదరా! ఆపితే పిన్ను గట్టిపడి నా చెయ్యి పోతుందని తెలిసే అన్నావా?"

మేస్త్రీ పట్టకారు కింద పడేసి, చొక్కా చింపి, డ్రైవరు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"చెయ్యి కదపకు నాయనా, కట్టు కడతాను."